కాజీపేట మీదుగా వెళ్ళిన మోకాలాయన

మా మామయ్యకు టెన్నిస్ తెలియదు. ఇంగ్లిషూ తెలియదు. నైజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, వరంగల్ చౌరస్తా దగ్గరి కిరాణా దుకాణంలో తక్కెడ పట్టుకుని తల నెరిసిన మనిషి. అలాంటాయన ఎనభైల మొదట్లో ఇంగ్లండు టెన్నిస్ ఆటగాళ్ళ మంచిచెడ్డలన్నీ నెత్తిన వేసుకున్నాడు. అదీ గెలిచేవాళ్ళవి కాదు. పెద్ద పోటీల గుమ్మం దాకా వచ్చి, లోపలికి పోలేక, కాలో నడుమో పట్టుకుని వెనక్కి తిరిగేవాళ్ళవి. ఆయనకు ఆ వార్తలు చదివి పెట్టింది నేను, ఆ ఇంటికి వచ్చిన కొత్త కోడల్ని. నాకు ముక్కు మీద కోపమని పుట్టింట్లో పేరు. మామయ్యకు మొండితనమని ఊరంతా పేరు. మా ఇద్దరికీ బాగానే కుదిరింది.

అసలు కథ టెన్నిస్‌తో మొదలవలేదు, మా దుకాణం మెట్లతో మొదలైంది. ముసురు పట్టిన ఒక రోజున మామయ్య దుకాణం అరుగు మీద నిలబడి మూటలు దించే హమాలీ మీద కేకలేస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు. తడిసిన షాబాదు బండ జారింది. కింద పడితే ఎడమ మోకాలి చిప్ప పగిలింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు, కట్టు కట్టారు, నయమయ్యాక విప్పారు. డాక్టరు మోకాలు మడిచి చూసి, "ఎముక మంచిగ అతికింది పెద్దాయనా. ఇగ మీరు నడువాలె. ఊకె కూసుంటె కాలు కట్టె లెక్కయితది," అన్నాడు. మామయ్య సరేనని తలూపాడు. ఇంటికొచ్చి వసారాలో పడక కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళీ లేస్తే ఒట్టు.

గోడ పట్టుకుని పెరటి దాకా పోవడం, మళ్ళీ కుర్చీ దాకా రావడం, అంతే. వీధి గడప దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం పాలిపోయేది. "నా తోని కాదు బిడ్డా. మల్ల పడ్త," అనేవాడు. దుకాణం మా ఆయన చూసుకుంటున్నాడు, దానికేం లోటు లేదు. కానీ బజారంతా వినిపించేలా మాట్లాడిన మనిషి ఇంట్లో నీళ్ళడగడానికి కూడా గొంతు తగ్గించాడు. అత్తమ్మ పొయ్యి ముందు కూర్చుని, "ఈ మనిషి ఇగ దుకాణం మెట్లెక్కడేమో," అని మెల్లగా అనేది. నాకు జాలీ కోపమూ రెండూ వచ్చేవి. ముందు వచ్చేది మాత్రం కోపమే.

ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని అత్తమ్మ ఆయనకు పొట్లాల పని అప్పగించింది. ఆ రోజుల్లో కిరాణా దుకాణాలకు పొట్లాలు కట్టే కాగితం బొంబాయి నుంచి కట్టలుగా వచ్చేది. ఓడల మీద వచ్చిన విదేశీ పాత పేపర్లు. కాగితం మందంగా ఉండేది, జీలకర్ర కట్టినా చిరగదు. ఇంట్లో వాటిని కత్తిరించి, మైదా జిగురుతో అంటించి సంచులు చేసేవాళ్ళం. మామయ్య కాగితాన్ని కత్తెర కింద పెట్టే ముందు, "జర ఇది చదువు బిడ్డా, ఏం రాసిన్రో సూద్దాం," అనేవాడు. నేను హన్మకొండలో డిగ్రీ చదివినదాన్ని. ఆ డిగ్రీ మిరియాల పొట్లాల మీద అక్కరకు వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆట వార్తల పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో మూడు వరుసలు చదివాను. ఇంగ్లండు కుర్రవాడొకడు క్వాలిఫయింగ్ ఆడుతూ ఆడుతూ మోకాలు మెలిపడి కూలబడిపోయాడట. ఇద్దరు మోసుకుని బయటికి తీసుకుపోయారట.

మామయ్య చేతిలో కత్తెర ఆగింది. "ఏ కాలు?"

"ఎడమ కాలే మామయ్యా."

"ఆపరేషన్ చేసిన్రా?"

"రాయలేదు."

"గది కూడ రాయకపోతే పేపరెందుకు?" అని ఆయనకు కోపం వచ్చింది. ఆ పేజీని పొట్లం చెయ్యనివ్వలేదు. కుర్చీ పక్కన పెట్టించుకున్నాడు. దెబ్బ తగిలాక ఆయన దేని మీదనైనా ఇష్టం చూపడం అదే మొదలు. ఆ కుర్రవాడి పేరుకు మా నోళ్ళు తిరగలేదు. అందుకని మా ఇంట్లో అతను మోకాలాయన అయిపోయాడు.

క్వాలిఫయింగ్ అంటే ఏమిటో నేను చెప్పాల్సి వచ్చింది. పేరున్నవాళ్ళు నేరుగా పెద్ద పోటీలోకి పోతారు, ర్యాంకు తక్కువవాళ్ళు ముందు తమలో తాము ఆడి, వరసగా గెలిచి, మిగిలిన కొన్ని చోట్లలో ఒకటి సంపాదించుకోవాలి అన్నాను. ఆయనకు ఠక్కున అర్థమైంది. "అంటే మిర్చి యార్డు గేటు బయట బండ్లు ఆగినట్టు. లోపలికి పోయినంక ధర పల్కుడు తర్వాత ముచ్చట. ముందుగాల గేటు దాటాలె." అంతకన్నా మంచి వివరణ నాకు తర్వాత కూడా ఎక్కడా దొరకలేదు. ఆట లెక్క మాత్రం ఆయనకు చివరి దాకా మింగుడు పడలేదు. పదిహేను, ముప్పై, ఆ తర్వాత నలభై అంటే, "నలభై ఐదు గావాలె గద. నడిమిట్ల ఐదు ఎవడు తిన్నడు?" అని తక్కెడ పట్టిన మనిషిగా నిలదీసేవాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి నేను ఉండబట్టలేక, "ఆయన మల్ల ఆడితె మీరు లేస్తరా మామయ్యా?" అని అడిగాను. మామయ్య మీసం దువ్వుకుని, "వాడు మల్ల ఆడి, ఆ గేటు దాటి, అసలు పోటీల అడుగు వెట్టిననాడు నేను దుకాణంల అడుగు వెడ్త," అన్నాడు. అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి మరీ విన్నది. అప్పటినుంచి ఇంటిల్లిపాదికీ ఆ తెల్ల కుర్రవాడి మోకాలే లోకం.

చిక్కేమిటంటే, ఆ పేపర్లు ఒక వరుసలో వచ్చేవి కావు. నెలల పాతవి, ముందువి వెనక, వెనకవి ముందు. ఒక కట్టలో మోకాలాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడని ఉండేది. తర్వాతి కట్టలో అతను దెబ్బ తగలకముందు ఏదో ఊళ్ళో గెలిచాడని ఉండేది. అయినా మామయ్య ఆ పాత గెలుపుకు కూడా తొడ చరిచి సంతోషించేవాడు. ఒకసారి ఓడిపోయిన సంగతి ముందే తెలిసిన ఆట గురించి, దాని ముందు రోజు పేపరు దొరికింది. "ఈసారి గెలుస్తడేమో," అన్నాడు మామయ్య. "ఓడిండు గద, మొన్ననే చదివినం," అన్నాను. "ఏమో, సూద్దాం," అన్నాడాయన. మొండితనమంటే అదీ.

మోకాలాయనతో పాటు మరికొందరు కూడా మా వసారాలోకి వచ్చి చేరారు. నడుము నొప్పితో వంగి ఆడే ఎడమచేతివాటం ఆయన ఒకడు. ఎప్పుడూ చివరి ఆటలోనే ఓడే ఒక పిల్ల ఉండేది. ఆ పిల్ల ఓడినప్పుడల్లా అత్తమ్మ, "పాపం, మల్లనా?" అని పప్పు గరిటెతో సహా బయటికి వచ్చేది. మొదట్లో మామయ్య కోసం చదివినదాన్ని, కొన్నాళ్ళకు నా కోసం వెతకడం మొదలుపెట్టాను. మా ఆయన ఒక రోజు నేను దాచిన పేజీలో పసుపు కట్టి ఎవరికో అమ్మాడు. ఆ పూట ఆయనకు అన్నంలోకి పచ్చడి మెతుకులే పెట్టాను. ఇప్పటికీ అది తప్పని నాకు అనిపించదు.

ఒక కట్టలో ఎదురుచూసిన వార్త దొరికింది. మోకాలాయన మళ్ళీ ఆడుతున్నాడు. ఆ పేజీ పట్టుకుని వసారాలోకి పరుగెత్తాను. "ఆడుతాండు మామయ్యా. లేవున్రి."

"ఆడితే అయిపాయెనా? గెలువాలె గద."

ఇంకో కట్టలో ఒక ఆట గెలిచాడు. "ఒక్కటి గెలిస్తే గేటు తెరుస్తరా?" అన్నాడు మామయ్య. ఆ తర్వాత ఒక ఆట గెలిచి ఒకటి ఓడాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది. "ఆయన ఉరుకుతాండు మామయ్యా. మీరు గడప దాట్తలేరు," అని గట్టిగానే అన్నాను. కోడలు మామతో అలా మాట్లాడకూడదు. అత్తమ్మ మాత్రం ఏమీ విననట్టు బియ్యం చెరుగుతూ కూర్చుంది. మామయ్య నావైపు చూసి, "వాని వయసెంత, నా వయసెంత బిడ్డా," అని నవ్వాడు. నవ్వాడు గానీ గడప వైపు చూడలేదు.

మామయ్య పడిన మరుసటి ఏడు చలికాలం ఎవరమూ కలలో కూడా అనుకోనిది జరిగింది. మా ఆయన రోజూ తెచ్చే హైదరాబాదు ఇంగ్లిషు పేపరులో మోకాలాయన అసలు పేరు కనబడింది. మొదట నా కళ్ళను నేను నమ్మలేదు. పేరు సంపాదించని ఆటగాళ్ళ కోసం మన దేశంలో వరసగా కొన్ని ఊళ్ళలో చిన్న పోటీలు పెట్టారు. అందులో ఒకటి హైదరాబాదులో. మోకాలాయన వచ్చి, అక్కడ కూడా ముందు క్వాలిఫయింగే ఆడుతున్నాడు. పాత కాగితాల మీది మనిషి మాకు మూడు గంటల రైలు దూరంలో ఉన్నాడు. ఆ ఉదయం మా ఇంట్లో ఎవరూ టీ వేడిగా తాగలేదు.

మొదటి ఆట గెలిచాడు. రెండోది గెలిచాడు. మూడోది గెలిస్తే గేటు తెరుచుకుంటుంది. మర్నాడు పేపరు వచ్చేదాకా మామయ్య కత్తెర ముట్టలేదు. చివరి సెట్టు దాకా లాగి ఓడిపోయాడని నేను చదివాను. ఆడుతుండగా మోకాలికి మళ్ళీ కట్టు కట్టించుకున్నాడని కూడా రాశారు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ముఖం తెలియని ఒక పరాయి దేశపు కుర్రవాడి కోసం ఏడుపేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

"తర్వాత యాడికి పోతడట?" అని అడిగాడు మామయ్య.

"ఢిల్లీకి. సోమవారం అక్కడ ఇంకో పోటీ ఉన్నదట."

మామయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఢిల్లీ పోవాల్నంటే మన కాజీపేట మీదికెల్లే పోవాలె. విమానంల పోనీకె వాని దగ్గర పైసలెక్కడియి? ఇయ్యాల సాయంత్రం బండికే పోతడు."

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. కాజీపేట పెద్ద జంక్షన్. ఉత్తరాదికి పోయే బంధువులెవరైనా ఆ స్టేషన్ మీదుగా పోతుంటే, మనం టిఫిన్ క్యారియర్ నింపుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడాలి. బండి ఆగిన కాసేపట్లో కిటికీలోంచి అన్నం అందించి, క్షేమం అడిగి, ఖాళీ గిన్నెలు తీసుకుని రావాలి. అలా చెయ్యకపోతే అవతలి వాళ్ళు పెళ్ళిళ్ళలో పదేళ్ళ దాకా ఎత్తిపొడుస్తారు. మా ఇంట్లో ఈ పద్ధతి ఎన్నడూ తప్పలేదు.

"మన టేషన్ మీదికెల్లి పోతాండు. ఉత్త చేతులతోని పోనిస్తమా?" అన్నాడు మామయ్య.

మా ఆయన నవ్వాడు. నేను నవ్వబోయి, అత్తమ్మను చూసి ఆగాను. ఆమె అప్పటికే కొంగు నడుముకు చుట్టింది. "కారం తింటడా?" అని మాత్రం అడిగింది. సకినాలు ఉండనే ఉన్నాయి. పులిహోర కలిపింది, అతనికి మంట పుడుతుందేమోనని పెరుగన్నం పెట్టింది, గారెలు వేసింది. మామయ్య కాలికి రాసే నువ్వుల నూనె ఒక సీసాలో పోసి మూత బిగించింది. "నేను కూడ వస్త," అన్నాడు మామయ్య. నేనూ మా ఆయనా పట్టుకుని గడప దాటించి ఆయనను రిక్షాలో కూర్చోబెట్టాం. దారి పొడుగునా నా మోచెయ్యి వదల్లేదు.

కాజీపేటలో ఆయనను ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద బెంచీపై కూర్చోబెట్టి, నేనూ అత్తమ్మా క్యారియర్ పట్టుకుని నిలబడ్డాం. దీపాలు వెలిగాయి. అంతలో మైకులో చెప్పారు, ఢిల్లీ బండి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని. అవతలికి పోవాలంటే మెట్ల వంతెన ఎక్కాలి. "మీరు ఈడనే ఉండున్రి మామయ్యా, మేం పోయొస్తం," అని ఒక చేత్తో క్యారియర్, ఒక చేత్తో చీర కుచ్చెళ్ళు పట్టుకుని పరుగెత్తాను. వెనక అత్తమ్మ.

వంతెన పైకి వెళ్ళాక బండి వస్తోందేమోనని కిందికి చూశాను. బెంచీ ఖాళీగా ఉంది. మెట్ల మీద మామయ్య. ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి ధోవతి అంచు మీద. కుడికాలు వేసి, ఎడమకాలు దాని పక్కకు చేర్చి, మళ్ళీ కుడికాలు. కళ్ళు మెట్ల మీద లేవు, వస్తున్న బండి మీద ఉన్నాయి. పిలిస్తే ఎక్కడ తన కాలు గుర్తొచ్చి ఆగిపోతాడోనని నోరు మూసుకున్నాను. అత్తమ్మ కూడా చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "సూడకు, నడువు," అంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

బండి ఆగింది. ముందు దొరికిన తెల్లవాడు గడ్డం పెంచుకుని కాషాయ లాల్చీ వేసుకున్న బైరాగి. అత్తమ్మ అతనికే క్యారియర్ ఇచ్చేది, నేను ఆపకపోతే. ఊరుకోక రెండు సకినాలు చేతిలో పెట్టింది. తర్వాతి రెండో తరగతి పెట్టెలో కిటికీ పక్కన, ఎదుటి బల్ల మీద పొడవాటి కాళ్ళు చాపుకుని ఒక కుర్రవాడు కూర్చున్నాడు. ఎడమ మోకాలికి కట్టు. పక్కన రాకెట్ల సంచి. ఇంత చిన్నవాడా అనిపించింది.

కిటికీ దగ్గర నిలబడి అతని పేరు పలికాను. ఉలిక్కిపడ్డాడు. మీరు ఇంకెవరినో అనుకుని వచ్చారు, నా ఊళ్ళోనే నన్నెవరూ గుర్తుపట్టరు అన్నాడు. ఈలోగా మామయ్య రొప్పుతూ వచ్చి కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "అడుగు బిడ్డా, ఎడమ కాలే గద," అన్నాడు. ఆ తర్వాత అతను ఎక్కడెక్కడ ఆడాడో, ఎక్కడ గెలిచాడో, ఎక్కడ పడ్డాడో చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఇంగ్లిషులో చెబుతూ పోయాను. కుర్రవాడు నోరు తెరుచుకుని విని, చివరికి పెద్దగా నవ్వాడు. అన్నీ నిజమే గానీ వరస తలకిందులుగా ఉంది, మీ లెక్క ప్రకారం నేను ముందు బాగై తర్వాత పడ్డాను అన్నాడు. పొట్లాల సంగతి చెబితే ఇంకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఈ పర్యటన అయ్యాక ఆట మానేద్దామనుకుంటున్నాను, కాలు బాగానే ఉందంటారు గానీ పరుగెత్తుతుంటే మళ్ళీ పడతానని భయం వేస్తోంది అన్నాడు.

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. మామయ్య కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని మోకాలు తడిమాడు. ఇటు తన ధోవతి పైకి లాగి కుట్ల గుర్తు చూపించాడు. "చెప్పు బిడ్డా. ఎముక మంచిగ అతికిందట గద. ఇగ నడువాలె. ఊకె కూసుంటె కాలు కట్టె లెక్కయితది. నాకు డాక్టర్ చెప్పిండు."

ఏడాదికి పైగా మేమందరం ఈ మాటే ఆయన చెవిలో జోరీగల్లా చెబుతూ వచ్చాం. ఎలాగో ఇంగ్లిషు చేసి చెప్పాను. కుర్రవాడు నన్ను కాదు, మామయ్యనే చూస్తూ తలూపాడు. అంతలో కూత వేసింది. గిన్నెలు ఖాళీ చేసుకునే వ్యవధి లేదు. క్యారియర్ క్యారియర్‌గా లోపలికి ఇచ్చేశాం, నూనె సీసాతో సహా. బండి కదులుతుంటే అతను గారె నోట్లో పెట్టుకుని చెయ్యి ఊపాడు. "నా క్యారియర్," అంది అత్తమ్మ, అది కనుమరుగయ్యాక. అది ఆమె పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి క్యారియర్. తర్వాత పదేళ్ళ దాకా దాని ఊసెత్తకుండా మా ఇంట్లో ఏ వంటా పూర్తి కాలేదు.

ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. మా రిక్షా అవతల ఉంది. మామయ్య రెండు చేతులూ నడుముకు పెట్టుకుని నిలబడ్డాడు. "ఎట్లొచ్చిన్రు ఇవతలికి?" అంది అత్తమ్మ, ఏమీ ఎరగనట్టు.

ఆయన వంతెన వైపు చూశాడు. కింది నుంచి పైదాకా చూశాడు. "నేనా ఎక్కిన దాన్ని?" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ప్రతి మెట్టుకూ రైల్వే వాళ్ళను తిట్టాడు. వాళ్ళ తాతలనూ తిట్టాడు. పాత గొంతు, బజారంతా వినిపించే గొంతు. నాకు అంత సంతోషం అంతకుముందు ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి పడక కుర్చీ ఖాళీగా ఉంది. దుకాణంలో హమాలీ మీద కేకలు వినపడుతున్నాయని పక్కింటి పిల్ల వచ్చి చెప్పింది.

తర్వాత వేసవి పోయింది, వానలు వెనకపట్టాయి. దసరా ముందు ఒక రోజు నేను డాబా మీద ఉతికిన దుప్పట్లు ఆరేస్తున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు. మా ఆయన అనుకున్నాను. చూస్తే మామయ్య, చేతులనిండా పసుపు, చేతిలో సగం కత్తిరించిన విదేశీ కాగితం. ఆయనకు ఇంగ్లిషు రాకపోయినా ఆ పేరు అక్షరాల రూపు మాత్రం బాగా గుర్తు. "జర చదువు బిడ్డా. మనోని పేరే గద."

చదివాను. లండన్‌లో గడ్డి మీద ఆడే ఆ పెద్ద పోటీకి జరిగిన క్వాలిఫయింగ్‌లో చివరి ఆట అయిదు సెట్ల దాకా ఆడి గెలిచాడు. అసలు పోటీలో అడుగుపెట్టాడు. మొదటి ఆటలో ఏమైందో రాసిన చోటు కత్తిరించేసి ఉంది.

"మిగతా సగమేది మామయ్యా?"

"జీలకర కట్టిచ్చిన. ఎవరికో యాదికి లేదు." కాగితం అంచును పసుపు వేళ్ళతో సవరించాడు. "పోనీ తియ్యి. గేటయితే దాటిండు," అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "ఇగ అన్న మాట ప్రకారం రేపటికెల్లి దుకాణం పోవాలె నేను."

అప్పటికి ఆయన దుకాణంలో కూర్చోబట్టి నెలలు గడిచాయి. ఆ సంగతి నేను గుర్తు చెయ్యలేదు. కౌంటరు దగ్గర ఎవరూ లేరని ఆయనకే గుర్తొచ్చి, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.